అయిదింటికి ఎన్ని చుక్కలు

శుక్రవారం పొద్దున్న ఎనిమిదిలోగా
నర్సాపురం వారపత్రికకి పంపాలి,
నాలుగు కొత్త వీడియోల మీద నాలుగు ముక్కలు.
వీడియోకి నూట యాభై. అయిదింటికి ఇన్నని చుక్కలు.
"మనోళ్ళే కదండీ, మూడుకి తగ్గకండి" అంటారు
ఎడిటరు చోడిశెట్టి గారు.

నా ఆఫీసు మొగల్తూరు అవతల
రొయ్యల చెరువు గట్టు మీద రేకుల పాక.
మేత బస్తాలు, ఆక్సిజన్ మీటరు,
ఒక చెవే పలికే హెడ్‌ఫోను.
రెండో చెవి నిండా రాత్రంతా ఏరేటర్లు.

మొదటిది "పులస సీజన్". రాజోలు కుర్రాళ్ళు.
కొబ్బరితోట మీద డ్రోను. గోదారి మీద డ్రోను.
లంకల మీద, ఇటుక బట్టీల మీద, ఎవరిదో పెళ్ళి పందిరి మీద డ్రోను.
పాడేవాడి మొహం చూద్దామంటే కిందకి దిగరు.
అంత చక్కటి గొంతుని
గద్ద ఎత్తుకెళ్ళిన కోడిపిల్లని చేశారు.
రెండున్నర.

రెండోది భీమవరం, "వెల్వెట్ వీధి".
కారు అద్దెది. నంబరు మీద కాగితం అంటించారు గానీ
అది మా ల్యాబు ఓనరు బామ్మర్దిదని నాకు తెలీదా?
మే నెలలో తోలు కోటు.
"నా గల్లీ, నా గల్లీ" అని వేళ్ళు చూపిస్తాడు అబ్బాయి.
బాబూ, మనకి గల్లీ ఎక్కడిదిరా?
సందు అను. పుంత అను. కాలవగట్టు అను.
ఆ మాట నోటికి పట్టిన రోజున మళ్ళీ పంపు.
ఒకటి.
(కొట్టేసి, ఒకటిన్నర. ఆ చెమటకి అర.)

మూడోది తెరుచుకోలేదు.
తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతూనే ఉంది.
కాసేపు దాన్నే చూశాను.
రెండోదానికంటే నయం.

నాలుగోది. బ్యాండు పేరు "కరెంటు పోయింది".
సఖినేటిపల్లి పంటు మీద ముగ్గురు,
మోటారు సైకిళ్ళకీ వంకాయ తట్టలకీ మధ్య ఇరుక్కుని.
కొల్లాబత్తుల ఎలీషా, డ్రమ్స్ —
అంటే ఒక నీలం పీపా, బోర్లించిన స్టీలు బేసిను.
కీబోర్డు చర్చిది, అరువు. స్టిక్కరు కూడా పీకలేదు.
పాడే పిల్ల పేరు వెయ్యలేదు.
షెడ్డులో రొయ్య తలలు తీసిన వేళ్ళు
రాత్రి పచ్చడన్నం కలిపితే ఎలా మండుతాయో
అదీ పాట. అంతే.
మధ్యలో ఎవరో "జరుగమ్మా, బండి దింపాలి" అంటాడు.
జరుగుతుంది. జరుగుతూనే పాడుతుంది.
ఆ ముక్క కత్తిరించలేదు వాళ్ళు.

"కెమెరా వణికింది" అని రాశాను.
"ఇంజను మోత గొంతుని మింగేసింది" అని రాస్తుంటే
కరెంటు పోయింది.
బ్యాండు కాదండీ. నిజంగానే.

ఏరేటర్లు ఒక్కోటీ నీరసంగా ఆగాయి.
నా రెండో చెవికి పనిలేకుండా పోయింది.
అరిచేతిలో ఫోను ఇంకా పాడుతోంది.
ఇంజను దేన్నీ మింగలేదు.
ఆ పిల్ల దాన్నే శ్రుతి పెట్టుకుని పాడుతోంది.
మోత అన్నది నేనే.

తెల్లారగట్ల నీళ్ళలో ఊపిరి తగ్గిపోతుంది.
మీటరు మూడుకి దిగితే రొయ్య పైకి తేలుతుంది.
పరిగెత్తి జనరేటరు లాగాలి.
పాట ఇంకా నలభై సెకన్లుంది.

నలభై సెకన్లూ విన్నాను.
ఓనరుకి చెప్పకండేం.

తాడు మూడో లాగుడికి అందుకుంది.
టైము చూస్తే అయిదు.
పైన రెండో మూడో మిగిలాయి.
చెరువులో అవే, ఏరేటరు కొట్టిన కొట్టుడికి
లెక్కకి ఆగకుండా చిట్లిపోతున్నాయి.

నాలుగోదాని గడి ఖాళీగానే పంపాను.
కింద ఒక్క లైను:
చోడిశెట్టి గారూ, నా నూట యాభై ఉంచేసుకోండి,
ఆ పిల్ల పేరేంటో కనుక్కుని వెయ్యండి.

మూడోది
ఇంకా తిరుగుతోంది.